దారం లేని జాకెట్టు

ఆ ఉదయం నాన్న చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. ఒక పక్క అంచు కిందికి వేలాడుతోంది. కాకినాడ ఆసుపత్రి నుంచి బస్సులో అలాగే వచ్చారన్నమాట. "అక్క వెళ్ళిపోయిందే" అన్నారు. నేను ఆ గుండీల వైపే చూస్తూ నిలబడ్డాను. ఆయన అక్క, అంటే మా మేనత్త, అక్కడ ఉంటే ముందు వాటిని సరిగ్గా పెట్టి, ఆ తరవాత ఏడ్చేది.

కొత్తపేట మెయిన్ రోడ్డు మీద ఆమెకు చిన్న షాపు ఉండేది. మామయ్య పోయాక మస్కట్ వెళ్ళి, చాలా ఏళ్ళు అక్కడ బట్టలు కుట్టి, తిరిగొచ్చాక లేజర్ కటింగ్ మెషిను కొంది. పెళ్ళి జాకెట్ల చేతులకీ, చీరల అంచులకీ పువ్వులూ తీగలూ కత్తిరించి కట్‌వర్క్ చేసి ఇచ్చేది. డిగ్రీ అయ్యాక నేను అక్కడే చేరాను. కంప్యూటర్లో డిజైన్లు గీయడం నా పని. కాన్వెంటులో చదివాను కాబట్టి వచ్చినవాళ్ళతో చక్కగా మాట్లాడతానని ఇంట్లో అనుకున్నారు. కాన్వెంటులో నేను బాగా నేర్చుకున్నది చప్పుడు చేయకుండా కూర్చోవడం. మేనత్త రెండు రోజులు చూసి, నా కుర్చీని గోడ వైపుకు తిప్పేసింది.

"మా అమ్మలు వీపుతో వింటుందండి, మీరు చెప్పండి" అనేది వచ్చినవాళ్ళతో.

మెషిను నడుస్తుంటే గదంతా కాలిన వాసన. పాలిస్టర్ కలిసిన గుడ్డకు లేజర్ తగిలితే అంచు కరిగి గట్టిపడుతుంది, ఇక దారాలు ఊడవు. అందుకని కట్‌వర్క్ చేశాక పక్కన పడిన ముక్కలు ఎన్నాళ్ళున్నా చెడవు. వాటిని ఆమె పారేయనిచ్చేది కాదు. కుంకుడు రసంలో ఉతికి, ఆరేసి, రంగుల వారీగా బియ్యం సంచుల్లో పోసేది. "మిగిలేయి అనకు. ఇంకా వాడలేదు అను" అనేది. ఏం చేస్తుందో మాకెవరికీ తెలియదు. బహుశా ఆమెకూ తెలియదు.

తరవాత ఆమెకు రొమ్ములో జబ్బు బయటపడింది. ఆపరేషను అయింది. ఎడమ చెయ్యి వాచింది, ఏ జాకెట్టు చేతిలోనూ పట్టేది కాదు. మందు ఎక్కించడానికి కుడి పక్క మెడ ఎముక కింద చర్మంలో చిన్న గొట్టం పెట్టారు. ఆసుపత్రికి వెళ్ళిన ప్రతిసారీ జాకెట్టు విప్పాలి. అక్కడ వరసగా కుర్చీలు, మధ్యలో ఒక పాత తెర. తోడు వచ్చిన మగవాళ్ళు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళకు ఒంటికి సరిగ్గా పట్టే జాకెట్లు కుట్టిన మనిషి అక్కడ చీర కొంగు పళ్ళతో పట్టుకుని కూర్చునేది. మొదటిసారి తిరిగి వస్తున్నప్పుడు బస్సు దిగబోతూ అంది.

"అమ్మలూ, కావలసినంత మేరకే ఊడొచ్చే జాకెట్టు కావాలే."

అలా మొదలైంది. ఆ బియ్యం సంచుల్లోని ముక్కల్నే చిన్నగా కోస్తే, అవి ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడాలి. దారం ఉండకూడదు. ఎక్కడ తీయాలంటే అక్కడ తీయగలగాలి, చెయ్యి వాస్తే ఒక వరస కలపగలగాలి. నేను రెండు రోజులు కూర్చుని ఒక పువ్వు గీశాను. ఆమె స్క్రీను మీద దాన్ని చాలాసేపు చూసింది.

"పువ్వు బాగానే ఉందే. పువ్వుకీ పువ్వుకీ మధ్య ఉన్నదాన్ని ఎవరు తొడుక్కుంటారు?"

"అది వేస్టు, అత్తా."

"వేస్టు ముక్కల్లో మళ్ళీ వేస్టా. మనం ఏం చేస్తున్నట్టే?"

చాలా ఆకారాలు గీశాక చివరికి చేప పొలుసు కుదిరింది. ఒకదాని వంపు పక్కదాని గుండ్రంలో కూర్చుంటుంది, మధ్యలో ఏమీ మిగలదు. కొసన చిన్న నాలుక, మొదట్లో చీలిక. నాలుకను పక్క ముక్క చీలికలో దూర్చి కొంచెం తిప్పితే పట్టేస్తుంది. చిన్నప్పుడు కొబ్బరాకుతో బొమ్మలు చేసినప్పుడు అలాగే దూర్చేవాళ్ళమని మేనత్త చెప్పింది. అంచుల్లో రాలిన పీలికల్ని కూడా వదల్లేదు. వాచిన చేతి కింద పెట్టుకునే దిండులో కూరింది.

నీలం ముక్కలతో అలా పేర్చిన జాకెట్టు తొడుక్కుని మేనత్త ఆసుపత్రికి వెళ్ళిన రోజు, నర్సు రాగానే మెడ ఎముక దగ్గర కొన్ని ముక్కలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. అరచేయంత చోటు మాత్రమే కనబడింది. పక్క కుర్చీలో ఓడలరేవు నుంచి వచ్చిన ఒకావిడ, చేపలమ్ముతుందట, వంగి వంగి చూసింది.

"పండుగప్ప పొలుసుల్లా ఉన్నాయండి. నేను పొలుసులు తీస్తాను, మీరు పెట్టేరు."

మేనత్త నవ్వింది. ఆ గదిలో ఆమె నవ్వగా నేను చూడటం అదే మొదలు.

వెళ్ళేముందు ఆవిడ మెల్లగా చెప్పింది. "నేనింక రానండి. ఇంతమంది మగోళ్ళ ముందు జాకెట్టు ఇప్పుకుని కూకోడం నా వల్ల కాదు. పోతే పోతాను."

"పోదురుగాని లెండి" అంది మేనత్త. "నేనిచ్చే జాకెట్టు తొడుక్కుని మరీ పోదురుగాని. వచ్చేసారికి తెస్తాను. రావాలి."

"ఆయ్" అంది ఆవిడ, నమ్మనట్టే.

ఆవిడకూ ఎడమ చెయ్యే వాచింది. మేనత్త టేపు తీసి అక్కడే కొలిచి, ఫోన్ నంబరు రాసుకుంది. ఇంటికొచ్చి సగం పైగా పేర్చింది. ఇంతలో జ్వరం వచ్చింది, ఆసుపత్రిలో చేర్చాం. నాన్న ఆ గుండీలతో తిరిగొచ్చారు.

ఓడలరేవు ఆవిడ ఆసుపత్రికి వెళ్ళవలసిన రోజు మా మైల రోజుల్లోనే పడింది. పెద్దకార్యం ఇంకా కాలేదు. మా ఇంట్లో వస్తువు ఎవరికీ ఇవ్వకూడదు, మేము ఎవరింటికీ వెళ్ళకూడదు. మేనత్త వదిలిన చోటి నుంచి పేరుస్తూ నేను ఆ జాకెట్టు ముందేసుకుని కూర్చుంటే నాయనమ్మ చూసింది. పోయింది ఆమె కూతురు.

"మైల ఇంట్లోంచి జబ్బు మనిషికి బట్ట పంపుతావా? నా పిల్లకి అచ్చిరాంది ఇంకొకరికి ఎందుకే."

"అది మందు కాదు నాయనమ్మా, జాకెట్టు."

నాయనమ్మ లేచి లోపలికి వెళ్ళింది.

నేనెప్పుడూ నా అంతట నేను ఎవరికీ ఫోన్ చేసే మనిషిని కాదు. ఏం చెప్పాలో మనసులో అనుకుని, ఆవిడకు చేశాను. మేనత్త పోయిన సంగతి చెప్పాను, మైల సంగతి చెప్పాను, ఇష్టమైతేనే తెస్తానన్నాను. అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. ఏడుస్తోందని అర్థమైంది.

"నాకు మైలంటే బయం లేదమ్మా" అంది చివరికి. "ఆ గదంటేనే బయం. ఆవిడ చేతిది ఏదైనా తొడుక్కుంటాను. తీసుకురా. నువ్వూ రా."

అమలాపురం బస్టాండులో కలిశాం. ఆడవాళ్ళ గదిలో జాకెట్టు తొడిగి, ఎలా తీయాలో, ఎలా పెట్టాలో చూపించాను. దారి పొడుగునా ఆవిడ చీలికల్ని వేలితో తడుముకుంటూ కూర్చుంది. ఆసుపత్రిలో నర్సు వచ్చినప్పుడు నేను తెర దగ్గరే నిలబడ్డాను. ఆవిడ ఒక్కొక్క ముక్కే తీసి నా అరచేతిలో పెట్టింది.

"గట్టిగా పట్టుకో. ఫ్యానుకి ఎగిరిపోతాయి."

ఎవరిదో తోడు వచ్చిన మగమనిషి మా ముందు నుంచి నడిచి వెళ్ళాడు. ఆవిడ కొంగు లాక్కోలేదు. తల కూడా తిప్పలేదు. మందు ఎక్కడం పూర్తయ్యాక ముక్కలన్నీ తనే పెట్టుకుంది. ఒకటి తిరగేసి పెట్టింది. నేను చెయ్యి చాపబోతే, "ఉండనీ, నేను పెట్టిందే కదా" అంది.

ఆ జాకెట్టు ఎడమ చేతికి నీలం ముక్కలు చాలలేదు. తక్కువపడిన వరసల్ని ముందు రోజు రాత్రి నాయనమ్మే, మేనత్త జాకెట్టులోంచి ఊడదీసి ఇచ్చింది.