నూకరత్నం గడప

విజయ్ పాల్ మేష్టారికి ఎవరైనా తమ కష్టం చెప్పుకుంటే, దాన్ని తీసుకెళ్లి నక్షత్రాల పక్కన పెట్టి కొలిచేదాకా తోచదు. ఉప్పాడలో సైన్సు చెప్పి రిటైరయ్యారు గానీ పాఠం ఆపలేదు. పిల్లలు దొరక్క ఊరి మీద పడ్డారు.

చేపల తట్టతో రోజూ ఆయన గుమ్మంలో దిగే నూకరత్నానికి ఆ పాఠం కంఠతా వచ్చేసింది.

"చందువాలండి మేష్టారూ, ఇప్పుడే ఒడ్డుకొచ్చాయి."

"భూమి పుట్టి నాలుగొందల యాభై కోట్ల ఏళ్లయింది. అందులో 'ఇప్పుడే' అంటే ఏంటి నూకరత్నం?"

"కుళ్లలేదనండి."

పక్కింటి సత్తియ్య పన్ను నొప్పితో దవడ పట్టుకుని వస్తే, పాలపుంతలో చుక్కలెన్నో చెప్పి పంపారు. చుక్కలు అతనికి అప్పటికే కనిపిస్తున్నాయి.

"ఎలాగూ సూర్యుడు ఆరిపోతాడని ఈయన గ్యాస్ బుక్ చెయ్యడం మానేశారమ్మా" అని భార్య తబితగారు నూకరత్నంతో మొరపెట్టుకునేవారు.

"ఆరడానికి ఇంకా ఐదొందల కోట్ల ఏళ్లుంది" అని లోపల్నుంచి మేష్టారు సరిదిద్దేవారు.

"మరి అప్పటిదాకా ఏం తింటారు?"

నూకరత్నానికి ఇవన్నీ విని నవ్వే ఓపిక కూడా తగ్గిపోయింది. సముద్రం ఇప్పటికే వాళ్ల ఇళ్లు రెండు మింగింది. ఉన్నది మూడోది. దాని గోడ దాకా అల వస్తోంది. కట్టుకోవడం, విప్పుకోవడం, వెనక్కి జరిగి మళ్లీ కట్టుకోవడం. బతుకంతా ఇదే పనైపోయింది. ఇల్లు పోయే ప్రతిసారీ వాళ్లు ముందుగా పెరికి దాచుకునేది గడప. అత్తగారు పెద్దింట్లమ్మ కాపురానికొచ్చిన రోజు దాటిన టేకు గడప అది. అదెక్కడ పాతితే అదే ఇల్లు.

"ఈసారి గడప కూడా దక్కదేమోనండి" అందోరోజు.

"ఈ భూమే విశ్వంలో ఇసుక రేణువు. అందులో ఉప్పాడెంత, నీ గడపెంత?"

నూకరత్నానికి ఒళ్లు మండిపోయింది. "మీకేవండి, మీ ఇల్లు రోడ్డవతల ఉంది" అని తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. మళ్లీ ఆ వైపు తొంగి చూడలేదు.

అల్పపీడనం పట్టిననాడు ఆమె మొగుడు వీరబాబు బోటుతో సహా విశాఖ రేవులో చిక్కుకుపోయాడు. సామానంతా తుపాను షెల్టరుకు ఒక్కతే చేరవేసి తిరిగొచ్చేసరికి వెనక గోడ కూలిపోయి ఉంది. పొద్దున్నే ముందుగా పెరకబోయిన గడప మాత్రం సిమెంటులో బిగుసుకుపోయి ఇంకా కదల్లేదు. చేతికి దొరికిన కత్తితో గీరుతూ కూర్చుంది. ఏడుపు రాలేదు. ఏడవడానికైనా ఓపికుండాలి. 'పోతే పోనీ, ఇదెంత, నేనెంత' అనుకుని కత్తి కింద పడేసింది.

"గీరితే ఊడదమ్మా, పక్కకి జరుగు."

మోకాలి లోతు నీళ్లలో లుంగీ ఎగగట్టి, గునపంతో మేష్టారు. ఒళ్లంతా సున్నం. పొద్దుటినుంచీ ఆ వీధిలో వాళ్ల తలుపులూ గడపలూ పెరికి మోస్తూనే ఉన్నారట.

నూకరత్నం కోపం ఇంకా ఆరలేదు. "విశ్వంలో ఇదెంత అన్నారు గదండి. మరెందుకండి మీకీ పాట్లు?"

మేష్టారు గునపం ఆపలేదు. "చిన్నదనే కదమ్మా వచ్చాను! ఆ చుక్కలు కూలిపోతుంటే నేనేం చెయ్యగలను? ఇదైతే నువ్వో కొస, నేనో కొస పట్టుకుంటే లెగుద్ది."

లేచింది. దారిలో దించిన ప్రతిచోటా ఆయన నడుం పట్టుకుని మూలిగారు. సూర్యుడి ఊసెత్తలేదు.

షెల్టరులో అంత జనం మధ్య నూకరత్నానికి దక్కింది చాపంత చోటు. చాప ముందు గడపను అడ్డంగా పెట్టి, తడి తుడిచి, పసుపు రాసింది. మేష్టారు చెప్పులు విడిచి, లుంగీ కాస్త ఎత్తి పట్టుకుని, గడప తొక్కకుండా జాగ్రత్తగా దాటి వచ్చి చాప మీద కూలబడ్డారు. లేని గోడల వంక తీరిగ్గా చూశారు.

"ఇల్లు బావుందమ్మా. టీ పెడతావా?"