ఎడమ తలుపు కారు

నాలుగేళ్ల కిందట ఒక బుల్లి కారు తలుపు చూసి నేనన్న ఒక్క మాట, పోయిన మా మామను మా అత్తకు రెండోసారి దూరం చేసింది. చదివేవారు నవ్వుకోవచ్చు. ఆ హక్కు నాకు మాత్రం లేదు.

అప్పట్లో ఒకే తలుపుండే పాతకాలపు మూడు చక్రాల కార్లంటే నాకు పిచ్చి. లైటు, తలుపు, వెనక అద్దం చూసి ఏది ముందొచ్చిన రకమో, ఏది తర్వాతదో చెప్పేవాణ్ణి. ఎవరూ అడక్కపోయినా చెప్పేవాణ్ణి.

పోదనూరులో అత్త ఇంటి షెడ్డులో అలాంటిది ఒకటుంది. మామ పెళ్లయిన కొత్తలో కొని, కష్టకాలంలో అమ్మేసి, ఏళ్ల తరబడి వెతికి, చివరికి పొల్లాచ్చిలో ఒక కొబ్బరి తోటలో కనిపెట్టి తెచ్చుకున్నాడు. ఆయన పోయాక అత్త ప్రతి శుక్రవారం దానికి బొట్టు పెట్టేది. గోడ మీద, కొత్త కారు పక్కన ఇద్దరూ నిలబడ్డ ఫోటో. ఫోటోలో కారుకి వేసిన పూలదండ కింద నంబరు దాగిపోయింది.

నేను ఫోటోనీ కారునీ మార్చి మార్చి చూసి, పెద్ద డాక్టరులా నిట్టూర్చాను.

"అత్తా, ఇది ఆ కారు కాదు."

"ఏమి చెప్తా ఉండావురా?"

"ఫోటోలో తలుపు కుడి పక్క. అది తర్వాతొచ్చిన రకం. దీనికి ఎడమ పక్క. మామని ఎవరో ఏమార్చారు."

"తడివి చూసి ఇదేనన్నాడే సామీ, మీ మామ!"

"మామకి రకాలు తెలీవత్తా."

ఆ శుక్రవారం కారుకి బొట్టు లేదు. మరుసటి వారం తాళం నా చేతిలో పెట్టి, "ఎవురికన్నా ఇచ్చేయి" అంది. కొనేవాణ్ణి కూడా ఘనత వహించిన నేనే వెంటబెట్టుకొచ్చాను. ఆయన టైర్లు నొక్కి చూస్తుండగా లోపలి నుంచి కేక.

"డేయ్, ఇట్లా రా! నేను పైట ఏ భుజాన వేస్తాను?"

"ఎడమ."

"ఇందులో?"

ఫోటో తుడుస్తూ ఆగిపోయిన ఆమె వేలు చూపిన చోట, పైట కుడి భుజాన ఉంది. మామ చొక్కా జేబూ కుడి పక్కే.

"స్టూడియోవాడు ఫిలిం తిప్పేసి కడిగినాడురా, ఎడమంతా కుడి అయిపోయింది! తలుపు చూస్తివి, దాని పక్కన నిలబడిన నన్ను చూడలేదే!"

పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. వచ్చినాయనను కాఫీ ఇచ్చి పంపేశాం.

ఆ శుక్రవారం అత్త రెండు బొట్లు పెట్టింది. ఒకటి కారుకి, ఒకటి నా నుదుటికి. "నువ్వు ఏ రకమో నాకు బాగా తెలుసులే" అంది.

ఆ ఎడమ తలుపు మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: పక్కనున్న మనుషుల్ని చూడకుండా ఇక ఏ కారు రకమూ చెప్పను. మరీ పట్టుబట్టి అడిగితే, ముందు పైట ఏ భుజాన ఉందో చూస్తాను.