ఎడంచేత్తో తిన్న పెళ్ళివారు

మొన్న మా ఇంట్లో మా అమ్మాయి పెళ్ళి మళ్ళీ జరిగింది, అదీ తలకిందులుగా. ఎలాగో చెబుతాను. ఏది ముందు, ఏది వెనక అన్నది కాస్త తారుమారు కావచ్చు. ఈ మధ్య సంగతులు గుర్తుంటున్నాయి గానీ వాటి వరస ఉండటం లేదు.

అసలు ఆ భయంతోనే ఇదంతా మొదలైంది. పెందుర్తిలో ఒక సీమంతానికి వెళ్తే ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, గుర్తుపట్టావా అని అడిగింది. ఎందుకు పట్టను అన్నాను. చాలాసేపు కబుర్లు చెప్పుకున్నాం. ఇంటికొచ్చేదాకా ఆవిడ పేరు రాలేదు, ఆ తరవాతా రాలేదు. అందుకని మా వారి అక్కగారు, అంటే మా వదినగారు, కాకినాడ నుంచి సింహాచలం దర్శనానికి వస్తున్నారనగానే ఒకటి అనుకున్నాను. పెళ్ళి వీడియో పెట్టి, అందులో ఉన్నవాళ్ళందరి పేర్లూ ఆవిడ చేత చెప్పించుకోవాలి. రెండు వైపుల చుట్టాలూ తెలిసిన మనిషి ఇక ఆవిడొక్కరే. సాయంత్రం బండికి వెళ్ళిపోతారు.

మాది కూర్మన్నపాలెం, మా అబ్బాయిది స్టీలు ప్లాంటులో పని. పెళ్ళి క్యాసెట్‌ని వాడే సీడీ చేయించి కంప్యూటర్లోకి ఎక్కించాడు. ముందు రోజు నేను పెట్టి చూస్తే బొమ్మ వచ్చింది, మాట రాలేదు. నాకు బడి చదువు పెద్దగా లేదు గానీ, కంప్యూటరు పత్రిక ఇంటికొస్తే అట్ట నుంచి అట్ట దాకా చదువుతాను. వీడియోని చిన్నగా మడిచి దాస్తారట, దాన్ని మళ్ళీ విప్పేదాన్ని కోడెక్ అంటారట. పత్రికతో ఇచ్చిన సీడీలో ఆ కోడెక్‌లు ఉంటే ఎక్కించాను. మాట వచ్చింది, మొహాలు పచ్చబడ్డాయి. ఇంకో పాత సీడీలో ఇంకో రకం ఉంటే అదీ ఎక్కించి, ఇక చూడకుండానే పడుకున్నాను. ఒకటి చాలనప్పుడు రెండోది తోడవుతుందనుకున్నాను, పులుసులో బెల్లంలా. నేను విప్పుతానంటే నేను విప్పుతానని అవి రెండూ కొట్టుకుంటాయని పత్రికలో రాయలేదు. రాశారేమో, నాకు గుర్తు లేదు.

మర్నాడు భోజనాలయ్యాక వదినగారిని కూర్చోబెట్టి పెడితే, పందిరి కిందా జనం పైనా. పట్టుచీరలన్నీ కాళ్ళు పైకి పెట్టి మెల్లగా నడుస్తున్నాయి. మేమూ తలలు వంచి చూశాం. వదినగారి మెడ పట్టేసింది.

మా వారు పోర్టులో క్రేన్లకి సిగ్నల్ ఇచ్చే పని చేసి రిటైరయ్యారు. బరువు వస్తువు కనిపిస్తే ఆయన చేతులు ఊరుకోవు. బొమ్మ తిరగకపోతే పెట్టె తిప్పుదాం అన్నారు. మా మోనిటరు గుమ్మడికాయల మూటంత ఉంటుంది. పక్కింటి అప్పలరాజుని కేకేశారు. అతను లోపలికొచ్చి చూసి, "ఏటి మావయ్యా, టీవీకి శీర్షాసనం ఏయిత్తన్నావా?" అన్నాడు.

మా వారు చెయ్యి వెయ్యలేదు. గోడకి ఆనుకుని నిలబడి వేలు పైకెత్తారు, అరచెయ్యి తిప్పారు, మెల్లగా కిందికి దించారు. అప్పలరాజు ఆ చేతినే చూస్తూ మోనిటరుని దిండు మీద తలకిందులుగా బోర్లించాడు.

మనుషులు నిలబడ్డారు. ఆ పచ్చదనంలో అందరూ సముద్రం అడుగున పెళ్ళి చేసుకుంటున్నట్టున్నారు. మాట ముందు, మనిషి వెనక. దీవెన వినిపించిన కాసేపటికి చేతులు లేచేవి. వదినగారి భర్త, కాలం చేసిన అన్నయ్యగారి నవ్వు వినబడగానే ఆవిడ పైట సర్దుకున్నారు. కొంచెం ఆగి ఆయన గుమ్మంలోంచి వచ్చి, చప్పుడు లేకుండా నవ్వి, తేలుతూ వెళ్ళిపోయారు. అది కంప్యూటరు పొరపాటని, గ్లిచ్ అంటారని తెలిసీ నాకు ఆపాలనిపించలేదు.

తరవాత పేర్లు మొదలయ్యాయి. స్తంభం పక్కన రామలక్ష్మి పిన్ని, ఆ వెనక సత్యవతి. ఒక్కొక్కటీ నోట్లో తిప్పుకుంటున్నాను. ఇంతలో భోజనాల బంతి వచ్చింది. వదినగారు ముందుకి వంగారు.

"అదేమిటే, అందరూ ఎడంచేత్తో తింటున్నారు?"

నిజమే. అద్దంలో చూసినట్టు పైటలు కూడా కుడి భుజం మీదికి వెళ్ళిపోయాయి.

"ఇది మీ వైపు బంతి అయ్యుంటుంది," అన్నారు ఆవిడ.

ఆ మాట పడ్డాక ఊరుకోలేను కదా. అబ్బాయికి ఫోను చేసి, మొహాలు పచ్చగా ఉన్నాయి, అందరూ ఎడంచేత్తో తింటున్నారు అన్నాను. కోడెక్‌లు రెండూ తీసేసి, కంప్యూటరు ఆపి, మళ్ళీ ఆన్ చేసి, తన బల్ల సొరుగులో ఉన్న సీడీలోది ఒక్కటే ఎక్కించమన్నాడు. బోర్లా ఉన్న అక్షరాలు చదువుకుంటూ అలాగే చేశాను. పచ్చదనం పోయింది, మాటా మనిషీ కలిశారు, కానీ మళ్ళీ అందరూ తలకిందులు. ఫోను చేశాను. మళ్ళీ తీసి మళ్ళీ ఎక్కించమన్నాడు. అదీ అయింది. మళ్ళీ తలకిందులే. వదినగారు సంచి సర్దుకుంటున్నారు. నాకు ఏడుపొచ్చేలా ఉంది.

ఈసారి వాడు నెమ్మదిగా అడిగాడు. "అమ్మా, మోనిటరు ఎలా ఉంది?"

"బాగానే ఉందిరా, దిండు మీద. నాన్నగారు బోర్లా పెట్టించారు."

"ముందు దాన్ని తిన్నగా పెట్టించు," అన్నాడు.

మళ్ళీ అప్పలరాజు, మళ్ళీ వేలు, అరచెయ్యి. మోనిటరు తిన్నగా కూర్చుంది. జనం తిన్నగా నిలబడి కుడిచేత్తో తిన్నారు. అప్పటికే ఆటో వచ్చి వీధిలో హారన్ కొడుతోంది. వదినగారు చెప్పులేసుకోబోతూ ఆగారు.

బంతిలో ఒకావిడ నెయ్యి గిన్నె పట్టుకుని తెగ తిరుగుతోంది. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరిస్తోంది. ఎక్కడా తడుముకోవడం లేదు. పిల్లల పేర్లు కూడా తెలుసు. చూస్తుంటే ఆశ పుట్టింది. ఈవిడ దొరికితే నా కష్టం తీరిపోతుంది కదా.

"ఎవరు వదినగారూ ఆవిడ? అందరూ తెలిసినట్టున్నారు. ఎక్కడుంటారో చెబితే వెళ్ళి అడుగుతాను."

వదినగారు నా వైపు చూశారు, తెర వైపు చూశారు.

"నువ్వేనే," అన్నారు.

పద్మా, మా చెల్లెలి కూతురివి, ఆ పెళ్ళిలో నువ్వూ ఉన్నావు. ఇది చదివి పేర్లు సరిచూడు. స్తంభం పక్కనున్నది రామలక్ష్మి పిన్నేనా, లేక ఆవిడే సత్యవతా? నెయ్యి గిన్నె ఆవిణ్ణి మాత్రం వదిలెయ్యి. ఆవిడెవరో నాకిప్పుడు బాగా తెలుసు. ఆవిడకే నేను తెలిసినట్టు లేదు.