వానలో దిగిన సూది

పొద్దున్నే టీ తాగేముందు ఆక్సిజన్ సిలిండర్ మీటరు చూసుకోవడం కొల్లేటికోట భాస్కరరావుకి అలవాటు. చేపపిల్లల్ని వ్యానులో తొట్టెల్లోకెత్తి ఊళ్లకు తోలడం అతని పని. దారిలో తొట్టెకి గాలి ఆగితే పిల్లలు బతకవు. అందుకే ఆ మీటరు సూదినే నమ్ముకున్నాడు.

ఆరోజు చింతలపూడి పాపారావు చెరువుకి శీలావతి చేపపిల్లలు తోలాలి. లోడింగ్ ఆలస్యమై సిలిండర్ ఎండలోనే ఉండిపోయింది. ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. సూది మాత్రం బాగా పైనుంది. ధైర్యంగా బయల్దేరాడు.

ఏలూరు దాటాక ఆకాశానికి చిల్లు పడినట్టు వాన. కల్వర్టు మీద నీళ్లెక్కి బళ్లన్నీ ఆగిపోయాయి. దిగి చూస్తే సూది కిందికి దిగిపోయి ఉంది. లీకనుకున్నాడు. గొడుగు అడ్డం పెట్టి వాల్వుకి సబ్బునురగ రాశాడు. ఒక్క బుడగా రాలేదు. అయినా కళ్లెదుట దిగిన సూదిని కాదనలేకపోయాడు. ఉన్న గాలి చెరువుదాకా రావాలని, తొట్టెకి సన్నగా పోయేలా వాల్వు బాగా బిగించాడు.

కాసేపటికి పిల్లలు పైకి తేలి మూతులు తెరిచాయి. వాల్వు తిప్పబోయాడు, మధ్యదారిలో అయిపోతే మొత్తం పోతాయని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చెంబుతో నీళ్లు ఎత్తిపోస్తూ నిలబడ్డాడు. ముందు బండి కదలదు, వెనక్కి తిప్పే చోటు లేదు.

నీళ్లు తీసి, బండి చెరువు చేరాక పాపారావు తొట్టెలోకి తొంగి చూశాడు. అన్నీ తెల్లటి పొట్టలే.

"ఏవండీ భాస్కరరావు గారూ, ఇవి చెరువులో వదలమంటారా, గట్టుమీద ఎండబెట్టమంటారా?"

భాస్కరరావు బండి వెనక్కి తిప్పుకున్నాడు.

ఇంటికొచ్చాక డిగ్రీ చదివే కూతురు గాయత్రి అంతా అడిగి తెలుసుకుంది. ప్రెషరూ, సిలిండర్ మీద రాసున్న లీటర్లూ, లోపలి వేడీ తెలిస్తే కాటా లేకుండానే గ్యాసు బరువు కట్టొచ్చట. ఎండలో సూదికీ, వానలో సూదికీ విడివిడిగా లెక్క వేసింది.

"లీకేం లేదు నాన్నా. ఎండకి ప్రెషరు పెరిగింది, వానకి చల్లబడి తగ్గింది. బరువు తగ్గింది నువ్వు వాడినంతే. ఇంకా నాలుగు కిలోల పైనే ఉంది."

"అంటే, బిగించకపోతే..."

"పిల్లలు బతికేవి. ఆ గాలితో చింతలపూడి వెళ్లి మళ్లీ వచ్చేవాడివి." అనేశాక గాయత్రి తల దించుకుంది. "ఒక్క ఫోను చేసుంటే బాగుండేది నాన్నా."

"ఏమని చేసేదమ్మా? లీకనే చెప్పేవాణ్ణి కదా."

ఆ తర్వాత అతనికి పిల్లలు అప్పగించే రైతు దొరకలేదు. ఇప్పుడు పెదవేగిలో ట్రాక్టరు మీద పామాయిల్ గెలలు తోలుతున్నాడు.