గుడ్డ కప్పిన రొట్టె

ఆదివారం మా చర్చి గుడి నుంచి వచ్చి పాస్టరు అయ్యగారి ప్రసంగాన్ని డైరీలో రాసుకోవడం నా చిన్నప్పటి అలవాటు. మొన్న ఇక్కడ నంద్యాలలో కొత్త అయ్యగారి మాటలు గంటసేపు విని వచ్చి కూర్చుంటే, అంతా మంచే జరుగుతుందన్న ఒక్క వాక్యం తప్ప రాయడానికేమీ దొరకలేదు. పక్కవాళ్ల చేయి పట్టుకుని నవ్వమని ఆయన మైకులో చెప్తారు. కొత్తవాళ్ల ముఖం చూడటానికే బిడియపడే నేను వారం వారం ఆ నవ్వు నవ్వలేక చస్తున్నాను. పాపమన్న మాట ఆయన నోట విని ఎన్నాళ్లయిందో!

మా ఆళ్లగడ్డ పాత అయ్యగారంటే నాకు భయమే. కానీ పాపం గురించి ఎంతసేపు చెప్పేవారో, క్షమాపణ గురించీ అంతసేపు చెప్పేవారు. నెలకోసారి అందరికీ రొట్టె పంచే ప్రభుభోజనం రోజున, ఆ రొట్టె మీద తెల్లగుడ్డ తీయకముందే కిందికి దిగివచ్చి, ఎవరితోనైనా మాటలు లేకుండా ఉన్నారా అని వరుస వరుసకూ అడిగేవారు. ఉన్నవాళ్లు వెళ్లి సమాధానపడి వచ్చేదాకా గుడ్డ తీసేవారు కాదు.

డెబ్బైల మొదట్లో, నాకు పదేళ్లప్పుడు, మా నాయన, చిన్నాయన వంతు కాలువ నీళ్లు తన మడికి మళ్లించుకుని, గట్టు తెగిందని ఊరంతా చెప్పాడు. చిన్నాయన అలిగి గుడికి రావడమే మానేశాడు. ఆ నెల అయ్యగారు సరిగ్గా నాయన ముందు ఆగారు.

"ఏమప్పా, గట్టు తెగిందా, తెంపినావా?"

నాయన నేల చూస్తూ, "తెంపినానయ్యా" అన్నాడు.

"నాకు చెప్తే ఏమొస్తాది? పోయి నీ తమ్మునికి చెప్పు. రొట్టె యాడికీ పోదులే."

నాయన వెళ్లాక పాట మీద పాట పాడుతూ ముప్పావుగంట కూర్చున్నాం. అమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది, నేను సిగ్గుతో చచ్చిపోయాను. చివరికి నాయన వెనకే, మోకాళ్లదాకా బురదతో చిన్నాయన వచ్చి, "బేగా కానీయండయ్యా, నా వంతు నీళ్లు మళ్లా పోతాయి" అనేసరికి గుడంతా నవ్వింది, అయ్యగారితో సహా. ఆ రోజు నాయన ముఖంలో చూసినంత తేలికదనం మళ్లీ ఎవరి ముఖంలోనూ చూడలేదు.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, పోయినేడు ఆళ్లగడ్డలో అక్క ఇంట్లో అమ్మ రెండు నెలలు మంచాన పడితే, మా బడిలో సెలవు ఇవ్వలేదని నేను జాబు రాశాను. అసలు సెలవు అడగనేలేదు. ఆ చాకిరీకి భయపడ్డాను. అన్నీ ఒక్కతే చేసుకున్న అక్క, సెలవియ్యకపోతే నువ్వేం చేస్తావులేమ్మా అని తిరుగు జాబు రాసింది. ఆ జాబు డైరీలోనే ఉంది, ఆ పేజీ తెరవలేను.

మొన్న ప్రభుభోజనం. అయ్యగారు ఒక్కమాట అడుగుతారేమోనని ఆయన వైపే చూస్తూ కూర్చున్నాను. ఆయన అడగలేదు. మనమంతా దేవుని ముద్దుబిడ్డలమనీ, దిగులు మాని నవ్వుతూ రమ్మనీ అన్నారు. నేనూ వరుసలో వెళ్లి రొట్టె తిని వచ్చాను, ఎవరూ ఆపలేదు.

ఆళ్లగడ్డకు గంటకో బస్సుంది. కానీ నాలాంటి పిరికిదాన్ని వెళ్లమని గద్దించే మనిషి ఇప్పుడు లేడు. ఆనాడు నాయన కోసం ముప్పావుగంట ఆగిన రొట్టె, మొన్న నా కోసం ఒక్క నిమిషమైనా ఆగలేదు.