గుడ్లగూబ బిళ్ల

కరోనా తగ్గిన మరుసటి ఏడు. మరిపెడలో నాదొక చిన్న వెండి దుకాణం. ముప్పై ఏళ్లుగా అదే పీట, అదే కుంపటి, అదే నడుం నొప్పి. ఒక ఉదయం కురవి వైపు పల్లె నుంచి సోమవ్వ వచ్చి, కొంగుముడి విప్పి ఒక బిళ్ల నా ముందు పెట్టింది.

"చారన్నా, దీన్ని కరగవోసి కోరమీసాలు చెయ్యి. మా ఆయనను పాము కుట్టినప్పుడు కురవి వీరన్నకు మొక్కిన. బతికిండు. శివరాత్రికి ఇయ్యాలె."

కోరమీసాలంటే కురవి వీరభద్రస్వామికి మొక్కుగా ఇచ్చే వెండి మీసాలు. బిళ్లకు ఒకవైపు గుడ్లగూబ, ఇంకోవైపు ఇనుపటోపీ పెట్టుకున్న ఆడమనిషి మొహం. ఎక్కడో చూసినట్టే ఉంది. ఆమే గుర్తుచేసింది. కరోనా రాకముందు ఒకడు వచ్చి, ఇది కాలువ తవ్వకంలో దొరికిందని, సికిందర్ బాదుషా, అదే అలెగ్జాండర్, కాలం నాటిదని చెప్పి, బదులుగా ఆమె తల్లి ఇచ్చిన వెండి కడియాలు అడిగాడట. ఇచ్చేముందు ఆమె భర్త బిళ్లను నాకే చూపించాడట.

"నువ్వు వెండే అన్నవట. నీ మాట మీదనే కడియాలిచ్చినం. గూబ బొమ్మ ఇంట్ల ఉండొద్దని మా అత్త ఒకటే లొల్లి."

అప్పుడు గుర్తొచ్చింది. పెళ్లిళ్ల సీజన్, దుకాణం నిండా జనం. గీటురాయి మీద ఒక్క గీత గీసి, ఆసిడ్ చుక్క వేసి, తలైనా ఎత్తకుండా "వెండే, పో" అన్నాను.

కరిగించే ముందు అంచును ఆకురాయితో అరగదీశాను. రెండు రాపిళ్లకే ఇత్తడి పచ్చగా బయటపడింది. ఛీ, నా బతుకు! దీన్ని ప్లేటింగ్ అంటారు, ఇత్తడి మీద పల్చటి వెండి పూత. ఆనాడు నేను గీసింది ఆ పూతనే. అంచు చుట్టూ సన్నటి అతుకు గీత కూడా ఉంది. పాతకాలం నాణేలను సుత్తితో అచ్చు కొట్టేవారు, వాటికి అతుకుండదు. ఇది పోత పోసింది. గ్రీకు నాణేనికి రెప్లికా, అంటే నకలు అని, పర్యాటకుల కోసం ఇలాంటివి బోలెడు చేస్తారని తర్వాత ఒక లెక్చరర్ చెప్పాడు. చేసినవాడి తప్పేం లేదు. అమ్మినవాడు దొంగ. మరి నేనెవరిని?

"అక్కా, ఇది వెండి గాదు. ఆనాడు నేనే సరిగ్గ చూడలే."

ఆమె బిళ్లను చేతిలోకి తీసుకుని, పచ్చబడ్డ అంచును వేలితో తడిమి చూసింది. "మా అమ్మ కడియాలు పాయె" అంది. "మరి దేవునికేం చెప్పాలె?"

"నా వెండితోని చేసిస్త. పైస వద్దు."

"నీ వెండితోని చేస్తే నీ మొక్కు అయితది. పాము కుట్టింది నా మొగున్ని."

బిళ్లను అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

శివరాత్రికి కొద్దిరోజుల ముందు మళ్లీ వచ్చి, భర్త వెండి మొలతాడు పీట మీద పెట్టింది. అలవాటు కొద్దీ గీటురాయి అందుకున్నాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"రుద్దుడు కాదు చారన్నా. కోసి చూడు."

కోశాను. లోపలిదాకా తెలుపే. వంగి తన కళ్లతో చూసుకున్నాకే "ఇగ చెయ్యి" అంది.

ఇప్పుడు ఎవరు ఏం తెచ్చినా ముందు గాటు పెట్టి వాళ్లకే చూపిస్తాను. విసుక్కునేవాళ్లు విసుక్కుంటారు. ఒంట్లో ఓపిక లేని రోజు "రేపు రా" అంటాను. తలెత్తకుండా "వెండే, పో" అని మాత్రం అనను.