దొరల చిర్రగోనె

పంతొమ్మిది వందల అరవై అయిదు, ఫిబ్రవరి ఏడో తారీఖు, ఆదివారం, పగలు మూడు గంటలు. బొగ్గుబాయి కూత మోగుతుండగా మా ఆయన ఆ బంతిని కొట్టాడు. ఆదివారం పని లేకపోయినా కూత మాత్రం మోగేది. నాకు అప్పటికి అక్షరం రాదు, గడియారం చూడరాదు. వేళ ఆ సైరన్ కూతను బట్టి గుర్తుంది. తారీఖు మా తమ్ముడు చెప్పాడు. యాభై దాటాక రాత్రిబడిలో కూర్చుని నేర్చుకున్న చదువుతో ఇప్పుడు రాస్తున్నాను. ఇందులో సంతోషపడే ముచ్చట లేదు. ముందే చెబుతున్నాను.

మాది సుల్తానాబాద్ పక్క ఊరు. చేను ఎండిపోయిన ఏడు గోదావరి దాటి ఆదిలాబాదు జిల్లాలోని బొగ్గుబాయికి పోయాం. మా ఆయన ఫిల్లర్. అంటే బాయి లోపల పేల్చిన బొగ్గును తట్టకెత్తి పట్టాల మీది టబ్బులో నింపేవాడు. గుత్తేదారు కింద పని. కొన్నేళ్లకు ఆయనకు దగ్గు పట్టింది. ముందు పొడి దగ్గు, తర్వాత నల్లటి కళ్లె, ఆ తర్వాత అందులో ఎర్రటి చార.

గుత్తేదారు పొద్దున్నే మనుషులను వరుసగా నిలబెట్టేవాడు. ఎవరైనా దగ్గితే పక్కకు జరగమనేవాడు. అట్లా పక్కకు జరిగినవాడు మళ్లీ వరుసలోకి రావడం నేను చూడలేదు. అందుకని మా ఆయన దవడన కరక్కాయ ముక్క పెట్టుకుని పోయేవాడు. అది ఊరుతున్నంతసేపు, నోరు తెరవకుంటే, దగ్గు ఆగేది. బాయిలో అందరూ ఆయన్ను మూగోడు అనేవాళ్లు. నిజం నాకూ, అదే బాయిలో పనిచేసే మా తమ్ముడికీ తెలుసు.

ఆ చలికాలం గోదావరికి అటుపక్క కరెంటు ఫ్యాక్టరీ పనికి అమెరికా వాళ్లు వచ్చి ఉన్నారు. మా బాయిలో బొగ్గు నింపే యంత్రం బిగించడానికి జపాను వాళ్లు వచ్చారు. ఆ యంత్రం నడిస్తే ఫిల్లర్లు ఎందుకని మేమెవరమూ అడగలేదు. ఈ రెండు దేశాల వాళ్లకూ ఒకటే ఆట పిచ్చి. కట్టెతో బంతిని కొట్టే ఆట. దాని పేరు బేస్‌బాల్ అని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మేము దొరల చిర్రగోనె అనేవాళ్లం. చిర్రగోనె అంటే కోస్తా వాళ్ల బిళ్లంగోడు.

మా మేనేజర్‌కు ఒక ఆలోచన వచ్చింది. ఆయన దేశాల పోటీ పెట్టాడు. అమెరికా ఒక జట్టు, జపాను ఒక జట్టు, మన దేశానిది ఒక జట్టు. మన దేశం అంటే ఎవరనుకున్నారు? ఆఫీసు గుమాస్తా, లారీ డ్రైవర్లు ఇద్దరు, మిగతా అంతా ఫిల్లర్లు. గెలిచినా ఓడినా, బాగా ఆడిన ఒక్కడిని మైదానం చూసుకునే పనికి తీసుకుంటామని మేనేజర్ చెప్పించాడు. నీళ్లు చల్లుడు, రోలర్ లాగుడు. బాయి దిగే పని లేదు. పొద్దంతా గాలిలో ఉండొచ్చు.

ఆ మాట వినగానే మా తమ్ముడు ఇంటికి ఉరికొచ్చాడు.

"బావా, నీ పేరు రాయించిన."

"నాకేం తెల్సురా గా ఆట?"

"తెల్వనిదేముంది? గాళ్లది జర పెద్ద చిర్రగోనె. చిర్ర గుండ్రంగుంటది, గంతే. మనూర్ల నువ్వు కొట్టిన చిర్ర ఎవడన్న వట్టిండా?"

"గది పోరగాండ్ల ఆట. గిది దొరలది."

"పో అయ్యా," అన్నాను నేను. "బాయిల పనయితె నువ్వు వచ్చే ఎండకాలం చూస్తవా? నాకైతె నమ్మకం లేదు."

ఆయన కట్టె పట్టుకున్నట్టు రెండు చేతులూ ఒకసారి ఊపి చూసుకున్నాడు.

గుమాస్తా కోస్తా నుంచి వచ్చినవాడు. ఒక సాయంత్రం అందరినీ నిలబెట్టి ఆట చెప్పాడు. మట్టి నింపిన సిమెంటు సంచులు నాలుగు మూలలా పెట్టించాడు. "కొట్టగానే కర్ర అక్కడే పడేసి, మొదటి సంచి దాకా పరిగెత్తాలి. అర్థమైందా?" అన్నాడు. అందరూ తలలూపారు. ఆ సాయంత్రం మా ఆయన కర్రకు ఒక్క బంతీ తగల్లేదు. తగిలితే కదా ఉరికేది.

చిర్రగోనెలో ఎవరూ ఉరకరు. చిర్ర, అంటే కొట్టే చిన్న కట్టెముక్క, ఎంత దూరం పడితే అంత దూరం గోనెను, అంటే చేతిలోని ఆ పొడుగు కట్టెను, నేల మీద పొర్లిస్తూ కొలుస్తారు. కొలిచేవాడు వంగి నడుస్తూ పైకి లెక్క చెప్పాలి. నోట్లో లెక్కపెట్టుకుంటే అవతలి వాళ్లు ఒప్పుకోరు, ఆ దెబ్బ చెల్లదు. మా ఊళ్లో పుట్టిన మగవాడికి ఇది నడక నేర్చినప్పటి నుంచి ఒంట్లో ఉంటుంది.

ఆదివారం పొద్దున అమెరికా వాళ్లను జపాను వాళ్లు ఓడించారు. అన్నాలు తిన్నాక మనవాళ్లు జపాను వాళ్లతో దిగారు. వెదురు గడకు మూడు కాగితపు జెండాలు కట్టారు. మేనేజర్ కుర్చీలో కూర్చున్నాడు, పక్కన గుత్తేదారు నిలబడ్డాడు. మేము ఆడవాళ్లం బొగ్గుకుప్ప పక్క నీడకు కూర్చున్నాం. మనవాళ్లు ఒకడి తర్వాత ఒకడు కట్టె గాలిలో ఊపి వచ్చేస్తున్నారు. మేనేజర్ ఆవలించాడు.

మా ఆయన వంతు వచ్చింది. మొదటి బంతి పోయింది. రెండోదీ పోయింది. మూడోది కట్టె నడుమ తగిలింది. అప్పుడే కూత మోగింది. బంతి సంచులు దాటి, జపాను వాళ్ల తలల మీదుగా పోయి అవతల తుమ్మల్లో పడింది. ఆ రోజు ఏ దేశం వాడూ అంత దూరం కొట్టలేదు.

"ఉరుకు బావా," అని మా తమ్ముడు అరిచాడు.

మా ఆయన ఉరకలేదు. బంతి పడ్డ చోటును చూపుతో గుర్తు పెట్టుకున్నాడు. దవడన ఉన్న కరక్కాయను చేతిలోకి ఉమ్మి నడుముకు చెక్కుకున్నాడు. వంగి, కట్టెను నేల మీద పరిచి, "ఒకటి" అన్నాడు. కట్టెను పొర్లించి "రెండు" అన్నాడు.

బయట నలుగురిలో ఆయన గొంతు విని నాకు ఏళ్లయింది. నేనూ లెక్కపెట్టాను. నా పక్కనున్న ఆడవాళ్లూ అందుకున్నారు. గెలిచామనే అనుకున్నాం. జపాను వాళ్లు నోళ్లు తెరిచి చూశారు. వాళ్లలో ఒకడు తుమ్మల్లోంచి బంతి తెచ్చి విసిరాడు, ఇంకొకడు సంచి మీద కాలు పెట్టి పట్టాడు, తీర్పు చెప్పే అమెరికా ఆయన ఔటని చెయ్యి ఎత్తాడు. మా ఆయన వాళ్లెవరినీ చూడలేదు, లెక్కలో ఉన్నాడు.

మేనేజర్ కడుపు పట్టుకుని నవ్వాడు. "దెబ్బంటే ఇదీ. మైదానం పనికి ఇతన్నే పెట్టండి," అన్నాడు గుమాస్తాతో. ఆ మాట నేను చెవులారా విన్నాను.

అప్పుడు దగ్గు వచ్చింది. వంగి ఉన్నవాడు వంగినట్టే మోకాళ్ల మీద పడ్డాడు. లెక్క తెగిపోయింది. కట్టెను ఆసరా పట్టుకుని లేవబోయి దాని మీదనే కక్కాడు. కొత్త తెల్ల కట్టె మీద ఎరుపు అందరికీ కనబడింది. మేనేజర్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. గుమాస్తా రుమాలు అడ్డం పెట్టి ఆ కట్టెను తీసుకున్నాడు.

"మూగోడంటిరి కదరా," అన్నాడు గుత్తేదారు. "ఎన్నొద్దుల సంది గిది?"

"దుమ్ముకు గొంతు వట్టింది సాబ్," అన్నాడు మా తమ్ముడు.

"బాయిల దుమ్ము లేదా? రేపటి సంది రావొద్దని చెప్పు."

నేను మేనేజర్ వైపు చూశాను. ఆయన జెండాల వైపు చూస్తున్నాడు. మైదానం పని ఒక లారీ డ్రైవర్‌కు దొరికింది.

సాయంత్రం గుడిసెలో మా ఆయన గోడకు మొహం పెట్టి పడుకుని అడిగాడు.

"ఎంత దూరం వోయిందే?"

"సగం దాక లెక్కవెట్టినవ్."

"మిగిలింది ఎవడన్న కొలిశిండా?"

"ఎవ్వలు కొలువలే."

తెల్లారి ఆయన్ను ఊరికి తోలుకుపోయాను. ఆ ఏడు మక్కజొన్న కంకులు విరిచే నాటికి ఆయన లేడు. తర్వాత యంత్రం నడిచింది, మా తమ్ముడికీ పని పోయింది.

ఆనాడు అక్కడ ఉన్నవాళ్లు వీళ్లు: కుర్చీలో మేనేజర్, ఆయన పక్కన గుత్తేదారు, రుమాలుతో గుమాస్తా, లారీ డ్రైవర్లు ఇద్దరు, వంతు కోసం నిలబడ్డ ఫిల్లర్లు, చెయ్యి ఎత్తిన అమెరికా ఆయన, ఆయన జట్టు, తుమ్మల్లోంచి బంతి తెచ్చిన జపాను మనిషి, అతని జట్టు, బొగ్గుకుప్ప పక్కన నాతో లెక్కపెట్టిన ఆడవాళ్లు, మా తమ్ముడు, నేను, మోకాళ్ల మీద మా ఆయన.